నడుం మీద నిలవని సంచి: ట్విస్ప్ కొండల్లో మూడు రోజులు

నాకు గురి రాదు. బరువు మోయడం వచ్చు. అందుకే మా మేనల్లుడు కిరణ్ మూడేళ్ళుగా అక్టోబరు వచ్చిందంటే నన్ను జింకల వేటకి వెంటబెట్టుకుపోతున్నాడు. వాడు రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. సిటిజన్ అయ్యాక తుపాకీ కొన్నాడు, క్లాసుకి వెళ్ళి వేట లైసెన్సు తీసుకున్నాడు. నేను ఇక్కడే ఒక ఇండియన్ రెస్టారెంటు వంటింట్లో ఇరవై ఏళ్ళు పనిచేసి మానేశాను. వయసు అరవై ఏడు. చదువు ఊళ్ళో ఏడో తరగతి. పొద్దున వాకింగ్‌లో కలిసే కుర్రాళ్ళు ముగ్గురు, వేటకి ఎలాంటి సంచి కొనాలి అంకుల్ అని అడిగారు. నిలబడి అంత మాట్లాడడం నా వల్ల కాలేదు. రాసిస్తానని చెప్పాను. ఇదే అది.

పోయినేడు మామూలు ట్రెక్కింగ్ సంచి వేసుకెళ్ళాను. మాంసం, పక్కబట్టలు గొట్టంలాంటి ఒకే అరలో కుక్కాల్సి వచ్చింది. రక్తం కారి దుప్పటి పాడైంది, ఓ పట్టీ కుట్టు ఊడింది. ఈ ఏడు కిరణ్ నాలుగు మైళ్ళు లోపలికి పోదామన్నాడు. గుడారం, వంట, పడక అన్నీ వీపు మీదే. జింక పడితే అదీ వీపు మీదే. "మంచి సంచి కొందాం మావయ్యా. లేకపోతే నువ్వు కారు దగ్గరే కూచోవాలి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రెండో మాటే చెవిలో ఉండిపోయింది. కారు దగ్గర కూచునేవాణ్ణి ఎవరు తీసుకెళతారు?

ఆగస్టులో ఓ శనివారం షాపుకి వెళ్ళాం, ఇంటి నుంచి నలభై నిమిషాలు. అక్కడ మూడు రకాలు చూశాం. మొదటిది పాతకాలం అల్యూమినియం గొట్టాల ఫ్రేము, నూటయాభై డాలర్లు. బరువు బాగా మోస్తుంది కానీ పొదల్లో తగులుకుంటుంది, నడుస్తుంటే కిర్రుమంటుంది. జింక అరమైలు దూరం నుంచి వింటుంది. రెండోది ట్రెక్కింగ్ సంచి, రెండొందల ఇరవై. తేలిక. కానీ పోయినేటి కథే. మూడోది వేటకోసమే చేసింది, నాలుగొందల ముప్పై. ఇందులో ఫ్రేము వేరు, సంచి వేరు. రెంటికీ మధ్య పట్టీలు వదులు చేస్తే ఓ అరలాగా తెరుచుకుంటుంది. మాంసం అక్కడ, వీపుకి దగ్గరగా పడుతుంది. బట్టలు సంచిలో పొడిగా ఉంటాయి. మాంసం లేని రోజున పట్టీలు బిగిస్తే మామూలు సంచే. ఏడాదంతా ఒకటే సంచి వాడుకోవాలంటే ఇదే మేలు. ఇప్పటికీ అదే అంటాను.

షాపులో అమ్మాయి అందులో నలభై పౌండ్ల ఇసుక మూటలు పెట్టి నా వీపుకి ఎత్తింది. నేను పొట్టివాణ్ణి. ఫ్రేము నా తల దాటింది. నాలుగడుగులు వేశానో లేదో నడుం బెల్టు తొడల మీదికి జారింది. "చిన్న ఫ్రేము ఆర్డర్ పెట్టాలి, రెండు వారాలు పడుతుంది" అందా అమ్మాయి. "పెడదామా మావయ్యా? మళ్ళీ రావాలి" అన్నాడు కిరణ్. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. నాకోసం వాడు డబ్బు పెట్టడం, మళ్ళీ నాకోసం ఇంతదూరం రావడం. "ఎందుకురా, బాగుంది" అన్నాను. ఆ అమ్మాయి పట్టీలు సర్దబోతుంటే "గుడ్, గుడ్" అని చటుక్కున దించేశాను. కిరణ్ ఆ సంచే కొన్నాడు.

ఇంటికొచ్చాక ఇరవై పౌండ్ల బియ్యం బస్తాలు రెండు అందులో పెట్టుకుని మా అపార్ట్‌మెంట్ల కాంప్లెక్సు చుట్టూ తిరిగాను. పావుగంటకి భుజాలు లాగేశాయి. మా ఆవిడ రాజ్యం చూసి, పాత తువ్వాలు మడిచి బెల్టుకి లోపల కుట్టిపెట్టింది. కొంచెం నయం. కిరణ్ ఫోన్ చేసి అడిగినప్పుడల్లా బాగుందనే చెప్పాను.

అక్టోబరులో ఓ శుక్రవారం పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. రెండో నంబరు హైవే మీద స్టీవెన్స్ పాస్ అనే కనుమ దాటి, వెనాచీ మీదుగా, పటెరోస్ దగ్గర కొలంబియా నదిని వదిలి ట్విస్ప్ అనే చిన్న ఊరు చేరేసరికి పదింబావు. పాస్ ఇవతల వాన, అవతల ఎండ. పెట్రోలు రానూపోనూ డెబ్భై డాలర్లయింది. ట్విస్ప్‌లో ఆగి కాఫీ, రొట్టె తిన్నాం, ఇద్దరికీ పద్దెనిమిది. వేటలో తప్పక వేసుకోవాల్సిన మా నారింజరంగు చొక్కాలు చూసి కౌంటర్లో పెద్దావిడ పలకరించింది.

"వేటగాడెవరు?"

"నేను" అన్నాడు కిరణ్.

"మరీయన?"

"ఈయన మా లారీ."

ఆవిడ పగలబడి నవ్వి, "లారీకి డీజిల్ కావాలిగా" అని నా కప్పు మళ్ళీ నింపింది. నేనూ నవ్వాను. మనసులో మాత్రం తొడల మీదికి జారే బెల్టే ఉంది.

అక్కడినుంచి మట్టిరోడ్డు మీద గంట. కాలిబాట మొదట్లో పార్కింగుకి రోజుకి ఐదు డాలర్లు, కవర్లో పెట్టి డబ్బాలో వేయాలి. పన్నెండింటికి నడక మొదలుపెట్టి మూడున్నరకి పైకి చేరాం. ఎక్కేటప్పుడు నా సంచి పాతిక పౌండ్లే కాబట్టి గుట్టు బయటపడలేదు. పైన లార్చ్ చెట్లు పసుపుకొమ్ముల్లా ఉన్నాయి. ఇంట్లో వేయించి తెచ్చిన రవ్వతో ఉప్మా చేశాను. ఇలాంటి ప్రయాణాలకి దీన్ని మించింది లేదు. తేలిక, పది నిమిషాల్లో అయిపోతుంది, నెయ్యి ఓ చెంచా వేస్తే చలిని ఆపుతుంది.

శనివారం ఎనిమిదింటికి కిరణ్ ఒకే గుండుకి మగజింకని పడేశాడు. మ్యూల్ డీర్ అంటారు, గాడిద చెవులు. వాడు లైసెన్సుతో ఇచ్చిన ట్యాగ్ దానికి కట్టాడు, ఇద్దరం కలిసి కోశాం. ఎముక తీసేసిన మాంసం డెబ్భై పౌండ్ల దాకా వచ్చింది. పల్చటి గుడ్డసంచుల్లో కట్టి నీడన వేలాడదీశాం. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. అక్టోబరని పేరేగాని మధ్యాహ్నానికి డెబ్భై డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దగ్గరగా ఎక్కుతుందని కిరణ్ ఫోన్లో ముందే చూశాడు. ఐసు నింపిన పెట్టెలు కార్లో ఉన్నాయి, నాలుగు మైళ్ళ కింద. తినే మాంసం పాడుచేస్తే ఇక్కడ నేరం. అదలా ఉంచండి, ఓ ప్రాణం తీసి దాన్ని కుళ్ళబెట్టడం ఏ దేశంలోనైనా తప్పే. రెండు విడతలు మోస్తే రెండో విడత సాయంత్రమవుతుంది. గుడారం, మాంసం అన్నీ ఒకే విడతలో దించాలనుకున్నాం. నా వీపు మీద యాభై అయిదు పౌండ్లు. కొమ్ముల తలతో కలిపి కిరణ్ మీద డెబ్భై.

పదకొండున్నరకి దిగడం మొదలుపెట్టాం. అరమైలు కాకుండానే బెల్టు జారింది, తువ్వాలు మడత ఊడింది. బరువంతా భుజాల మీద పడింది. నేను వెనకబడడం చూసి కిరణ్ ఓ పది పౌండ్ల మాంసం మూట తీసి తన సంచి మీద కట్టుకున్నాడు. వద్దనాలి. అనలేదు. ఇంకో పావుమైలు నడిచేసరికి నా ఎడమచెయ్యి మొద్దుబారింది. ముందర బాట మీద అంతా రాళ్ళగుట్ట, వంద గజాలు ఉంటుంది. అడుగు తప్పితే కిందికే. నా చేతికర్ర జారిపోయి రాళ్ళలో టకటకమంటూ దొర్లింది.

"ఏమైంది మావయ్యా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే కర్ర ఎందుకు వదిలేశావు?"

వాడి మొహం ఎర్రగా ఉంది, చొక్కా తడిసిపోయింది. నా మూట వాడి వీపున కనబడుతోంది. అప్పుడు నోరు పెగిలింది.

"ఈ ఫ్రేము నాకు పెద్దదిరా. షాపులోనే తెలిసింది."

"షాపులోనా? ఆగస్టులోనా?"

"ఊఁ."

"రెండు నెలలు మావయ్యా! రెండు నెలల్లో ఒక్క మాట నోట్లోంచి రాలేదా? పోనీ అత్తయ్యతో చెప్పించొచ్చుగా!"

"మీ అత్తయ్యకి తెలుసు. తువ్వాలు కుట్టింది తనే."

"అంటే ఇంటిల్లిపాదికీ తెలుసు, కొన్నవాడికి తప్ప!" వాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఈ దేశంలో పడుకుని లేచిన పరుపే వెనక్కి తీసుకుంటారు. సంచి తీసుకోరా?"

"మోయలేకపోతున్నానంటే, ముసలాడైపోయాడు, ఇక కారు దగ్గరే అనుకుంటావని."

మాంసం మూటల మీద ఈగలు చేరాయి. వాడు తోలుతూ నావైపు చూడకుండా అన్నాడు. "నువ్వు ముసలాడివే మావయ్యా. అది నాకు మొదటేడే తెలుసు. తీసుకురావడం మానేశానా?"

ఆ తర్వాత పని చేశాం. రెండు సంచులూ నీడలోకి దించి ఖాళీ చేశాం. గుడారం, పడకలు, పొయ్యి ఓ తాడుతో చెట్టుకి ఎత్తికట్టాం. తిండి వస్తువులు మాత్రం వదల్లేదు, ఎలుగులుంటాయి. కిరణ్ నా ఫ్రేము తిరగేసి చూస్తే భుజం పట్టీలు కిందికి జరిపే వీలు ఉంది. ఆ అమ్మాయి చూపించబోయింది అదేనేమో. రెండు గళ్ళు దించాం. చిన్న ఫ్రేముతో సమానం కాదు, కాస్త దగ్గరకొచ్చింది. తువ్వాలుతో పాటు వాడి జాకెట్టు కూడా చుట్టి బెల్టు కింద పెట్టాం, బెల్టు నడుం ఎముక మీద కూచుంది. పొద్దున్న తొందరలో మాంసం నేను సంచి అడుగున వేసుకున్నాను, వాడు చూడలేదు. ఇప్పుడు అరలోకి మార్చి వీపు మీద రెక్కల ఎముకల మధ్యకి వచ్చేలా ఎత్తుగా బిగించాం. చిన్నప్పుడు గడ్డిమోపు నెత్తికెత్తుకున్నప్పుడు మెడ నిటారుగా ఉంటే మైళ్ళు నడిచేవాళ్ళం, పక్కకి వాలితే పది అడుగులకే మెడ పట్టేసేది. బరువు ఎముక మీద నిలబడాలి, అంతే. నెత్తి బదులు నడుం. ఇంత తెలిసినవాణ్ణి రెండు నెలలు భుజాలతో మోసుకుంటూ తిరిగాను.

నా పది పౌండ్ల మూట తిరిగి తీసుకున్నాను. నలభైతో రాళ్ళగుట్ట దాటాను. మూడింటికి కారు దగ్గర ఉన్నాం. మూటలు విప్పి వాసన చూశాను. శుభ్రంగా ఉంది. పాల డబ్బాల్లో నీళ్ళు పోసి గడ్డకట్టించి తెచ్చిన ఐసు ఇంకా సగం పైనే ఉంది. ట్విస్ప్‌లో మోటెల్‌కి నూటపదిహేను, ఇంకో రెండు బస్తాల ఐసుకి తొమ్మిది డాలర్లు అయ్యాయి. అన్నీ సవ్యంగా జరిగుంటే ఆ రెండూ అక్కర్లేదు, ఆ సాయంత్రమే ఇంటికి పోయేవాళ్ళం.

ఆదివారం పొద్దున్న కిరణ్ బూట్లు కట్టుకుంటున్నాడు, సామాను తేవడానికి. నేను అప్పటికే కట్టుకుని ఉన్నాను.

"నా మూలాన మిగిలింది. నేను తెస్తా. నువ్వు మాంసం దగ్గర ఉండి ఐసు మార్చు."

వాడు లేసు వదిలి నా మొహంలోకి చూశాడు. "చెయ్యి ఎలా ఉంది? నిజం చెప్పు."

"వేళ్ళు బానే ఉన్నాయి. భుజం నొప్పిగా ఉంది. పోయేటప్పుడు ఖాళీయే, వచ్చేటప్పుడు ముప్పై పౌండ్లు. పోగలను."

నన్ను కాలిబాట దగ్గర దింపి, సిగ్నల్ లేనిచోట పనిచేసే మెసేజి పరికరం నా పట్టీకి తగిలించాడు. "ఒంటిగంటకల్లా కనబడకపోతే వచ్చేస్తా" అన్నాడు. ఎనిమిదింటికి బయల్దేరి, కట్టినచోటికి పదింబావుకి చేరి, పన్నెండున్నరకి దిగాను. దారిలో ఎవరూ కలవలేదు. కొండ మీద ఒక్కణ్ణే నడవడం నాకదే మొదలు. భయం వేయలేదు. కారు ముందు కిరణ్ నిలబడే ఉన్నాడు, కూచున్నట్టు లేదు.

"ఎలా ఉంది మావయ్యా?"

"దిగేటప్పుడు ఎడమ పట్టీ కోస్తోంది. నాకు చిన్న ఫ్రేము కావాలి. సంచి ఇదే సరిపోతుంది, ఫ్రేము ఒక్కటీ విడిగా దొరుకుతుందేమో చూడు."

"సిగ్నల్ రాగానే ఆర్డర్ పెట్టనా?"

"పెట్టు" అన్నాను.

మనలో చాలామందికి ఇది ఉంది. ఎవరైనా ఏదైనా కొనిపెడితే బాగుంది అనేస్తాం, వండిపెడితే చాలు అనేస్తాం. ఎదుటివాళ్ళని కష్టపెట్టకూడదని అంటాం. కొండ మీద నడుస్తుంటే నాకు తెలిసింది ఏమంటే, నేను దాచిన బరువు నా దగ్గర ఆగలేదు. కిరణ్ వీపు మీదికెక్కింది. ఎండలో వాడు పది పౌండ్లు ఎక్కువ మోశాడు, నాకోసం ఓ రోజు పోగొట్టుకున్నాడు. ఆ శనివారం షాపులో ఒక్క నిజం మాట అనుంటే వాడికి పోయేది రానూపోనూ ఎనభై నిమిషాల డ్రైవు. నేను మాటలు తక్కువ మనిషిని, ఇక మారతానని చెప్పను. వేరేవాడి వీపుతో ముడిపడిన మాట మాత్రం సిగ్గుపడకుండా అనేయాలని అనుకుంటున్నాను.

సంచి కొనేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. షాపులో నలభై పౌండ్లు పెట్టించుకుని, ఎవరు వెనక నిలబడినా సరే, ఇరవై నిమిషాలు నడవండి. తర్వాత రెండు భుజం పట్టీలూ వదులు చేయండి. సంచి నడుం ఎముక మీద అలాగే నిలబడితే అది మీ సైజు. కిందికి జారితే ఇంకో సైజు అడగండి, రెండు వారాలు పట్టినా సరే.