మా లైన్‌లో సొరంగం లేదు

ఖమ్మం ఖానాపురం హవేలిలో మేముండే ఇంటి ముందు గదిలో ఒకప్పుడు దివాన్ మంచం ఖాళీగా ఉండేది. ఇప్పుడు దాని మీద ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్ల ఉంది. ఆ బల్ల మీద డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా కొత్తగూడెం వైపు పోయే రైలు మార్గం ఉంది. చుట్టాలొస్తే ఎక్కడ కూర్చుంటారని అత్తమ్మ ఫోన్లో అడిగింది. కుర్చీలున్నాయి కదా అన్నాను. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినదలచుకోలేదు.

మా ఆయన సరుకు రైళ్లు నడుపుతారు. ఎక్కువగా బొగ్గు బండ్లు. ప్రయాణికుల రైలు ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చు గానీ సరుకు బండి అందులో కనబడదు. ఆయన ఇల్లు దాటితే ఏ స్టేషన్ పక్క లైన్లో ఎన్ని గంటలు ఆగారో, ఎప్పటికి వస్తారో తెలిసేది కాదు. నేనేమో గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసుకునే మనిషిని. పాపకు ఐదేళ్లు. నాన్న ఎక్కడున్నాడని అడిగినప్పుడల్లా వస్తున్నాడని చెప్పేదాన్ని. ఒకరోజు అది నా ముఖంలోకి చూసి, "నీకు తెల్వదు గదా మమ్మీ" అంది.

నిజంగానే తెలియదు. అందుకే ఆ లైన్‌ను ఇంట్లోకి తెచ్చుకుందామనుకున్నాను. ఆయన ఏ స్టేషన్ నుంచి ఫోన్ చేస్తే మా బొమ్మ బండిని అక్కడ నిలబెట్టవచ్చు. అప్పుడు పాప అడిగితే వేలు పెట్టి చూపించవచ్చు.

డిగ్రీలో నాది ఫిజిక్సు. వైర్లు అతకడమంటే భయం లేదు. మిగతాది వీడియోలు చూసి రెండు నెలల్లో నేర్చుకున్నాను. అసలు దానిలో ఎనభై ఏడో వంతు కొలతలో ఉండే పట్టాలు, ఒక ఇంజను, ఆరు వ్యాగన్లు కొరియర్‌లో వచ్చాయి. ఇంజను ఏదో చలి దేశపు రంగుల్లో ఉంటే దానికి మన రంగులు వేశాను. మా వీధి చివర తాతల నాటి నుంచి వడ్రంగం చేస్తున్న చాచా దగ్గరికి వెళ్లి, ఒక ప్లైవుడ్ ముక్క కోసిస్తే చాలన్నాను. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి, దేనికని అడిగి, అంతా విన్నాడు.

"ఉత్త ప్లైవుడ్ అయితే వానకాలం గిట్ల వంగుతది బేటీ. కింద ఫ్రేమ్ కొట్టిస్త. బండి నడవాలంటే ముందు నేల కదలొద్దు" అన్నాడు. తర్వాత పెన్సిల్ మళ్లీ చెవి మీద పెట్టుకుని, "పాపకా, నీకా?" అని నవ్వాడు. ఇద్దరికీ అని చెప్పాను.

పట్టాల కింద పరిచే కంకరకు ఖమ్మంలో కొదవేముంది? గ్రానైట్ కోసే చోట గుట్టలుగా పడి ఉండే పొడి ఒక సంచి తెచ్చుకున్నాను. ముందు రవ్వ జల్లెడలో, తర్వాత టీ వడపోసే దాంట్లో జల్లించాను. స్లీపర్ల మధ్య చెంచాతో పోసి, కుంచెతో సర్ది, పైన నీళ్లలో కలిపిన బంకను పాప దగ్గు మందు డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా వేశాను. ఆ నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క బొట్టు కలపాలి. లేకపోతే బంక లోపలికి ఇంకదు, పైనే ముత్యంలా నిలబడి కంకరను తేల్చేస్తుంది. ఇది ఏ వీడియోలోనూ సరిగ్గా చెప్పలేదు, నేనే పట్టుకున్నాను. కరెంటు తీగల స్తంభాలకు చీపురు పుల్లలు, అడవికి ఎండిన గడ్డి పూలు. వ్యాగన్లలో మాత్రం అసలు బొగ్గే. ఆయన బూట్ల అడుగున వచ్చిన ముక్కలను ఏరి నలగ్గొట్టాను.

తప్పులు చేయలేదని కాదు. మిర్చి ఎండబెట్టిన కల్లం కోసం నిజం కారమే చల్లాను. ఫ్యాన్ వేయగానే నేను, పాప, పాల ప్యాకెట్ ఇవ్వడానికి గుమ్మంలో నిలబడ్డ పిల్ల, ముగ్గురమూ ఎంతసేపు తుమ్మామో. తర్వాత చాచా దగ్గరి రంపపు పొట్టుకు ఎర్ర రంగు కలిపి ఆ కల్లాన్ని మళ్లీ పోశాను.

అంతకంటే పెద్ద తప్పు ఇళ్ల విషయంలో జరిగింది. మా అమ్మవాళ్లది కారేపల్లి పక్క పల్లెటూరు. చిన్నప్పటి నుంచీ ఆ లైన్‌ను బస్సులోంచి చూసినదాన్ని, అది నాకు కొట్టినపిండి అనుకున్నాను. అట్టముక్కలతో పదకొండు ఇళ్లు కట్టాను. అన్నింటికీ గడపలు, ముగ్గులు, అరుగులు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా బల్ల ముందు ఒంగి, పట్టాల ఎత్తుకు కళ్లు తెచ్చి ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశారు. "మంచిగుంది. కానీ ఇది బస్సుల పోయేటోళ్లు చూసే ఊరు. మేం పోతుంటే ఊర్లన్నీ వీపే చూపిస్తయ్" అన్నారు.

అవును కదా. ఊరు రోడ్డుకు ముఖం పెడుతుంది, పట్టాలకు పెరడు పెడుతుంది. పదకొండు ఇళ్లనూ ఊడబెరికి వెనక్కి తిప్పాను. దండేల మీద చీరలు, బట్టలుతికే బండలు, పేడ కుప్పలు, సగం కట్టి వదిలేసిన బాత్‌రూమ్ గోడలు కొత్తగా చేశాను. ఒక పెరట్లో పళ్లు తోముకుంటున్న ముసలాయనను పెట్టమని ఆయనే చెప్పారు. రోజూ కనబడతాడట, రోజూ చేయి ఎత్తుతాడట.

ఆ రోజుల్లోనే పాపకు ఆయన తన పని పద్ధతి ఒకటి నేర్పారు. ఇంజన్లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే ఒకరు చేయి చాపి దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు తమ కళ్లతో చూసి మళ్లీ చెప్పాలి. ఒక్కరే చూస్తే చాలదు. ఆయన బల్ల దగ్గర కూర్చుని, దాని మీది బుల్లి సిగ్నల్ వైపు చేయి చాపి "పచ్చ" అనేవారు. పాప కూడా చేయి చాపి "పచ్చ" అనేది. ఆ తర్వాతే బండి కదిలేది. చెప్పకుండా నేను నడిపితే ఇద్దరూ కలిసి నన్ను ఇంజన్లోంచి దింపేసేవారు.

బల్ల ముప్పావు వంతు పూర్తయ్యేసరికి అది జరిగింది.

కారేపల్లి దాటాక కొత్తగూడెం వైపు ఒక మలుపులో చెట్లు పట్టాల దగ్గరికి వస్తాయి. అటు నుంచి నిండు బొగ్గుతో వస్తుంటే ఆ మలుపులో మేకల మంద లైనెక్కింది. ఆయన హారన్ కొట్టారు, బ్రేకు వేశారు. నిండు బండి బ్రేకు వేసిన చోట ఆగదు. మంద చీలింది. మేకలను కాస్తున్న ఆమె, అడవి పల్లె మనిషి, రైలు కట్ట దిగి పోయినట్టే పోయి, పట్టాల మధ్య ఉండిపోయిన ఒక మేకపిల్ల కోసం మళ్లీ ఎక్కింది. అంతవరకే ఆయనకు కనబడింది. ఆ తర్వాత ఆమె ఇంజను ముక్కు చాటుకు పోయింది. బండి పూర్తిగా ఆగి, వెనక్కి నడిచి వెళ్లి చూసేదాకా ఆమె చనిపోయిందనే అనుకున్నారు. ఆమె కట్ట మీద మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉందట. ఏడు మేకలు పోయాయి. ఆమెకు గీత కూడా పడలేదు. ఆయన్ను చూసి తన భాషలో ఏదో అందట. తిట్టిందో, ఏడ్చిందో, ఇంకేమైనా చెప్పిందో ఆయనకు అర్థం కాలేదు.

ఎవరి తప్పూ కాదు. అందరూ అదే అన్నారు. ఆయన ఇంటికి వచ్చి పది రోజుల సెలవు పెట్టారు. సెలవు అయిపోయాక ఇంజను ఎక్కననీ, ఆఫీసులో ఏదో ఒక పని ఇమ్మని రాసిస్తాననీ చెప్పారు. కాగితం కూడా రాసి టీవీ కింద పెట్టారు. సోమవారం అది ఇవ్వాలి, లేదా డ్యూటీ ఎక్కాలి.

నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషమే వేసింది. ఇక రాత్రిళ్లు ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకునే పని ఉండదు. రోజూ సాయంత్రానికి ఇంటికొస్తారు. కానీ ఇంట్లో ఉన్న మనిషి ఆయన కాదు. టీవీ శబ్దం లేకుండా పెట్టుకుని చూసేవారు. పాప చేయి చాపి "పచ్చ" అంటే వినబడనట్టు ఉండేవారు. అది రెండుసార్లు అని, మూడోసారి అనడం మానేసింది. నాకు కావలసింది భయం లేని ఇల్లా, ఆ మనిషా అన్నది ఆ వారమంతా తేల్చుకోలేకపోయాను.

తేల్చుకోలేక ఒక పని చేశాను. బల్ల కుడి చివర, అసలు లైన్లో ఆ మలుపు ఉండాల్సిన చోట, పట్టాల మీద థర్మోకోల్ కొండ కట్టేశాను. రాళ్ల రంగు వేసి, పైన చెట్లు గుచ్చి, రెండు వైపులా కమాను చెక్కాను. బండి ఒక కమాన్లో దూరి రెండో దాంట్లోంచి బయటికి వస్తుంది. మలుపు ఆయన కంట పడదు. పాప ఆ కొండకు ముద్దు పెట్టింది. పనితనంగా చూస్తే బల్ల మీద అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఆయన చూసి, మళ్లీ టీవీ వైపు తిరిగారు.

ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్నాను. ముందు గదిలో బండి చప్పుడు మామూలుగా వస్తోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. పాప గొంతు వినబడింది. అరవడం లేదు, నెమ్మదిగా చెప్తోంది.

"నాన్నా, బండి లోపటికి పోయింది. బయటికి రాలే."

నేను చేతులు తుడుచుకుని వెళ్లేసరికి ఆయన కుర్చీలోంచి లేచారు. కమాన్లోకి వేలు పెట్టి చూశారు, అందలేదు. కొండను నేను గట్టిగా అతికించాను. చాకు తీసుకొస్తానంటే అక్కర్లేదన్నారు. రెండు చేతులతో పట్టి ఒక్కసారి లాగారు. కొండ విరిగింది. తెల్లటి పూసలు ఊరి మీద, పెరళ్ల మీద, దండేల మీది చీరల మీద వడగళ్లలా పడ్డాయి. పాప నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

కింద మలుపు కనబడింది. ఇంజను పట్టాల మీదే ఉంది. దాని వెనుక రెండు వ్యాగన్లు పక్కకు ఒరిగి, బొగ్గు ఒలికి ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఆయన వేలికొన పట్టా మీద పెట్టి నెమ్మదిగా జరుపుతూ పోయి, ఒకచోట ఆపారు.

"ఇగో, ఈ జాయింట్ కాడ సందుంది. నీకు తెల్వదా?"

తెలుసు. మిగతా బల్లంతా ప్రతి అతుకునూ గోరుతో తడిమి చూసినదాన్ని. అక్కడ మాత్రం ఎలాగూ మూసేస్తాను కదా అని వదిలేశాను. ఆ మాటే చెప్పాను.

"మా లైన్ల టన్నెల్ ఏడుందే?" అన్నారు. కోపంగా కాదు. వారం రోజుల తర్వాత నన్ను అలా 'ఏ' కలిపి పిలిచారు. "ఇది నా కోసం కట్టినవా?"

అవునన్నాను.

ఆయన కొండ ముక్కలను ఒక్కొక్కటే తీసి చెత్తబుట్టలో వేశారు. "కనబడని కాడ నేను బండి నడపలేను. కనబడితే ఏదన్న చెయ్యొచ్చు" అన్నారు. అప్పుడు చెప్పారు, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. బ్రేకు కంటే ముందు హారన్ కొట్టారట. ఆమె తల తిప్పి చూసిందట. హారన్ విన్నది కాబట్టే ఎంత సమయం ఉందో ఆమెకు తెలిసిందని, అందుకే బతికిందని, ఆ బండిలో తను కాక ఇంకెవరున్నా అంతకంటే చేయగలిగేది ఏమీ లేదని. ఈ మాట ఆయన మొదటిసారి తనకే చెప్పుకుంటున్నట్టు అనిపించింది. వంటింట్లో తాలింపు మాడిన వాసన వస్తున్నా నేను కదల్లేదు.

ఆ సాయంత్రమంతా ముగ్గురం ఆ మూలలోనే ఉన్నాం. నేను అతుకు విప్పి, పట్టా అరగదీసి, సందు లేకుండా మళ్లీ కలిపాను. ఆయన పుల్లకు పసుపు రంగు అట్టముక్క అతికించి, హారన్ కొట్టమని చెప్పే బోర్డు చేశారు. నేను ఎక్కడ గుచ్చబోయినా "మలుపుకు ఇంకా ముందట" అంటూ ఊళ్ల దాకా వెనక్కి నడిపించారు. పాప నల్ల బంకమట్టితో మేకలు చేసింది. కాళ్లు కుదరక అన్నీ పడుకున్నవే అయ్యాయి. కట్ట మీద ఎర్ర చీర ఆమెను ఒకరిని చేసి నిలబెట్టమని అడిగింది. నేను ఆయన వైపు చూశాను. "పెట్టు. చేతిల మేకపిల్లను గూడ పెట్టు" అన్నారు.

బండి ఎక్కించాక పాప ఇంజను దగ్గర కూర్చుని తండ్రి ముఖం వైపు చూసింది. తను ముందుగా అనలేదు. ఆయన కాసేపు పట్టాల ఎత్తుకు కళ్లు తెచ్చి మలుపు అవతల సిగ్నల్‌ను చూశారు. తర్వాత చేయి చాపారు.

"పచ్చ."

పాప తనూ ఒంగి, ఒక కన్ను మూసి, బాగా చూసి అప్పుడు చేయి చాపింది. "పచ్చ" అంది. పసుపు బోర్డు దగ్గర ఇద్దరూ నోటితో హారన్ కొట్టారు. కింది వాటా వాళ్ల కుక్క మొరిగింది. బండి మలుపు తిరిగి ఊరి వెనుక పెరళ్ల మీదుగా వచ్చేసింది.

సోమవారం పొద్దున టీవీ కింద కాగితం లేదు. చింపారా, దాచారా నేను అడగలేదు. టిఫిన్ డబ్బా కట్టిచ్చాను. గుమ్మం దాకా వెళ్లి, నా భయం నాకుంటుందని, అయినా వెళ్లి రమ్మని చెప్పాను. "అవ్, ఉంటది" అని బూట్లు తొడుక్కున్నారు.

పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఈ రోజు కూడా ఆయన డ్యూటీలోనే ఉన్నారు. ఇందాక ఫోన్ వచ్చింది. మలుపు దాటాను, కారేపల్లిలో ఆగాను, ముందు లైన్ ఖాళీ అవడం కోసం చూస్తున్నానని చెప్పారు. భయం ఉంది. గ్యాస్ కూడా రెండుసార్లు చూసి వచ్చాను. బల్ల మీద బండిని మలుపు దాటించి, కారేపల్లిలో పక్క లైన్ మీద పెట్టాను. పొద్దున పాప లేచి అడిగితే వేలు పెట్టి చూపిస్తాను.