గాజు దాటని చూపు

"నవ్వకండి సార్. సముద్రం చూడమని గది ఇస్తే నాకు ముందు గాజే కనబడింది. ఎడమవైపు మూల ఉప్పు మరక. అదీ బయటివైపు. లోపలినుంచి ఎంత గీకితే మాత్రం పోతుంది?"

"గీకారా?"

"గీకాను. మా ఆవిడ తిట్టింది."

ఈ పెద్ద హోటల్‌లో సముద్రం వైపు అద్దాలు తుడిచే మనిషి ఆయన. తాడుకు కట్టిన చెక్కమీద కూర్చుని, పై అంతస్తునుంచి తుడుచుకుంటూ దిగుతాడు. తోటివాళ్ళు బల్లి మావయ్య అంటారు. మా అల్లుడు ఆఫీసు పనిమీద వస్తూ నన్నూ ఇక్కడికి తీసుకొచ్చాడు. పొద్దున కిటికీ దగ్గర నిలబడితే ఈయన ఎదురుగా దిగాడు. పలకరింపుగా నవ్వాను. గాజును చూశాడు తప్ప నన్ను చూడలేదు. చిన్నబుచ్చుకుని కిందికెళ్ళి, వెనకవైపు మెట్లమీద టీ తాగుతున్న మనిషిని పట్టుకున్నాను.

"మా పనిలో అదో కట్టు సార్. చూపు గాజు దాటకూడదు. లోపల మనుషులు ఎలాగైనా ఉంటారు. వాళ్ళ గది, వాళ్ళిష్టం."

పెళ్ళయిన కొత్తలోనే ఆయన తాడెక్కాడు. అప్పటినుంచీ ఆయన భార్యకు గుండె దడ. ఈమధ్య మేనేజరు పిలిచి స్టోర్ రూంలో పని ఇస్తానన్నాడు. తాళంచెవులు నడుముకు దోపుకుని దుప్పట్లూ సబ్బులూ అందించడమే. ఆవిడ ఎగిరి గంతేసింది. ఈయనకు ఆ కిటికీ లేని గది తలుచుకుంటేనే ఊపిరాడలేదు. అంతలోనే, ఇన్నేళ్ళు పనిచేసినందుకు ఇంటావిడతో వచ్చి సముద్రం వైపు గదిలో ఒకరోజు ఉండమన్నారు హోటలువాళ్ళు.

"సరే, ఆ ఎత్తేదో నా కళ్ళతో చూస్తా. నా గుండె ఒప్పుకోలేదా, మర్నాడే స్టోర్లో చేరాలి. మాటేనా?" అందట ఆవిడ.

"మాటే" అన్నాడట ఈయన.

గదిలోకి రాగానే ఆవిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. తివాచీ మీద మునివేళ్ళతో నడిచింది. మంచం చూసి, "ఇంత పెద్దదెందుకయ్యా, మధ్యలో తప్పిపోతాం" అంది. తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి కిందికి చూసింది. మనుషులు చీమల్లా ఉన్నారు. వెనక్కి వచ్చి పరుపుమీద కూలబడింది.

"అయిపోయింది. వెళ్ళి తాళంచెవులు తీసుకో."

"అంత మెత్తటి పరుపూ నాకు ముళ్ళపాన్పే అయింది సార్" అన్నాడాయన.

తెల్లారాక కిటికీలో ముందు రెండు పాదాలు కనిపించాయి. తర్వాత చెక్క, తర్వాత మనిషి. ఎవరో కాదు, ఆవిడ చెల్లెలి మొగుడు, ఈయన తోడల్లుడు. అతనికి ఈయనే పని నేర్పాడు. ఆవిడ ఎత్తు సంగతే మర్చిపోయి గాజుదాకా వెళ్ళింది. "మరిదిగారూ!" అంటూ తట్టింది. చేతులూపింది. టీ కప్పు ఎత్తి చూపించింది.

అతను తల ఎత్తలేదు. నురగ పూశాడు. రబ్బరు పట్టీతో లాగాడు. తాడు ముడి తడిమి చూసుకుని కొంచెం దిగాడు. మళ్ళీ ముడి తడిమాడు.

"ఏం మనిషయ్యా! వదిన ఇక్కడ కోతిలా గంతులేస్తుంటే కన్నెత్తి చూడడే!"

"చూడడు. నేనలాగే నేర్పాను."

"నువ్వూ ఇంతేనా?"

"నేనూ ఇంతే."

అతను కిందికి కనుమరుగయ్యేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదట.

"ఇంట్లో ఉప్పు డబ్బా ఎదురుగా ఉన్నా కనపడని మనిషివి. అంత ఎత్తున దిక్కులు చూస్తూ ఊగుతుంటావనుకుని చచ్చాను ఇన్నాళ్ళూ. ఇంత ధ్యాసగా ఉంటావని చెప్పి ఏడవొచ్చుగా!" అని కళ్ళు తుడుచుకుంది. "స్టోరు ఇంకెవరికైనా ఇవ్వమను. గాలి లేస్తే మాత్రం దిగిపోవాలి."

తాడుమీద కూర్చునే ఆయనకన్నా, అంత భయంతోనూ ఆ గాజుదాకా నడిచిన ఆవిడే నాకు గొప్పగా తోచింది. ఆ మాటే అన్నాను.

"అదేదో ఆవిడతోనే అనండి సార్." గ్లాసు కడిగి బోర్లించి, నడుముకు పట్టీ బిగించుకుంటూ గడ్డంతో గేటువైపు చూపించాడు. "అదిగో, ఆ బల్లమీద. ఒప్పుకోవడమైతే ఒప్పుకుంది గానీ, రోజూ వచ్చి నేను దిగేదాకా పైకే చూస్తుంది. మెడ పట్టేస్తే ఇంటికెళ్ళాక మందు రాయాల్సింది నేనే. మీరు కాస్త కబుర్లలో పెట్టండి. మా పిల్లల సంగతి అడిగితే చాలు, ఇక ఆపదు. నేను దిగేదాకా మాత్రం లేవకండేం!"