డెలాయ్ ప్రూయిట్‌కి ఇచ్చిన కర్ర

డెలాయ్ ప్రూయిట్ గురించి మా టెక్సాస్ ఊళ్ళో ఎవరినడిగినా మంచే చెబుతారు. నన్ను మాత్రం అడక్కండి. హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టులో వాడితో కలిసి ఆడినవాణ్ణి నేను.

మా అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తాలి. ఆ పరిగెత్తేది నేను. ముందు నిలబడి, నా మీదికి వచ్చేవాళ్ళను పక్కకి తోసేది డెలాయ్. శనివారం పేపర్లో పడే ఫోటో నాది. పెద్ద కాలేజీ జట్టుకి కుర్రాళ్ళను ఏరే ఒకాయన నన్ను చూడ్డానికే వచ్చాడు. మా అమ్మ కోడి వేయించి, కాళ్ళు రెండూ ఆయన పళ్ళెంలోనే వేసింది. ఆయన ఆ రాత్రి ఆటంతా చూసి, "ముందు తోస్తున్న ఆ కుర్రాడెవరు?" అని అడిగాడు. వాణ్ణి తీసుకుపోయాడు. కోడి తిన్నది మా ఇంట్లో!

కాలేజీ తర్వాత డెలాయ్ జీతమిచ్చి ఆడించే పెద్ద లీగ్‌లోకి వెళ్ళాడు. నేను కలప మిల్లులో చేరాను. ఆదివారం చర్చి నుంచి రాగానే టై కూడా విప్పకుండా టీవీ ముందు కూర్చునేవాణ్ణి. లోకమంతా బంతిని చూస్తుంటే నేను డెలాయ్‌నే చూసేవాణ్ణి, ఎప్పుడు బోర్లాపడతాడా అని. పడేవాడు కాదు.

"అంత ఏడుపెందుకయ్యా, కట్టెయ్ దాన్ని" అనేది నా భార్య వెర్నెల్.

కట్టేస్తే ఎలా? సరిగ్గా అప్పుడే పడిపోతే?

చివరికి మోకాళ్ళు పోయి వాడి ఆట ముగిసింది. ఆ రోజు నాకు పండగలా ఉంటుందనుకున్నాను. లేదు. అందుకూ వాడి మీదే కోపం వచ్చింది. కొన్నాళ్ళు హ్యూస్టన్‌లో ట్రక్కులు అమ్మాడు. తలనొప్పులు ఎక్కువయ్యాక వాడి భార్య ఆర్లీన్ వాణ్ణి మళ్ళీ ఊరికి తీసుకొచ్చేసింది.

మా స్టేడియంలో శుక్రవారం ఆటకి మైదానం అంచున పెద్దవాళ్ళం కొందరం పనిచేస్తాం. పది గజాలు దాటడానికి జట్టుకి నాలుగు ప్రయత్నాలుంటాయి. ఇద్దరు కొలత గొలుసు పట్టుకుంటారు. ఎన్నో ప్రయత్నమో చూపించే అంకెల కర్ర ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ కర్రకున్న విలువ మా మేయర్ కుర్చీకి కూడా లేదు. కాళ్ళో ప్రాణమో పోతే తప్ప దాన్ని ఎవరూ వదలరు. అది పట్టే ముసలి టలీ పోయాక వరుస నాది. జుట్టు నెరిసేదాకా గొలుసు మోశాను మరి.

టలీని పూడ్చి వస్తుంటే కోచ్ మెకాబీ నా భుజం మీద చెయ్యి వేశాడు. "వెండెల్ గారూ, ఏమీ అనుకోకండి. కర్ర డెలాయ్ గారికి ఇద్దామనుకుంటున్నాం."

"వాడు మైదానం అంచున ఒక్క శుక్రవారమైనా నిలబడ్డాడా?"

"లీగ్‌లో ఆడిన మనిషి కదండీ. ఊరికి గౌరవం."

"అంటే నేనుంటే పరువు తక్కువా?"

కోచ్ దగ్గి, టోపీ సర్దుకుని కారు వైపు నడిచాడు.

మొదటి ఆటలోనే మూడో ప్రయత్నం మొదలవుతున్నా డెలాయ్ కర్ర మీది రెండుని మూడుకి తిప్పలేదు. నాకు లోపల భలే కులాసాగా ఉంది. కానీ ఆడుతున్నది మా పిల్లలు.

"డెలాయ్, మూడురా" అన్నాను.

"రెండేరా."

మెట్ల మీంచి మంగలి రస్టీ అరిచాడు. "నోర్ముయ్ వెండెల్! లీగ్‌లో ఆడినోడికి నువ్వు లెక్కలు చెబుతావేంటి?"

జనం గొల్లుమన్నారు. రిఫరీ వచ్చి మూడే అన్నాడు. అయినా తిట్లు నాకే పడ్డాయి. నేను పక్కన వాగి వాణ్ణి తికమక పెట్టానట.

మర్నాడు ఆర్లీన్ మా ఇంటికొచ్చింది. "ఆయన తలలో ఏదీ నిలవట్లేదన్నయ్యా. ఆటలో తగిలిన దెబ్బలే అంటున్నారు డాక్టర్లు. ఆ కర్ర చేతిలో ఉన్నంతసేపే కాస్త మనిషిలా ఉంటున్నాడు. పక్కనుండి మెల్లగా అంకె చెప్పవూ?"

"ఆ కర్ర నాది ఆర్లీన్."

"తెలుసన్నయ్యా."

కాదని వాదించి ఉంటే బాగుండేది. నాలుగు మాటలని పంపేసేవాణ్ణి.

ప్రతి శుక్రవారం పెదవులు కదపకుండా అంకెలు చెప్పాను. డెలాయ్ మళ్ళీ తప్పలేదు. "లీగ్ బుర్రంటే అదీ!" అన్నాడు రస్టీ, వేయించిన చేప నములుతూ. నా కడుపు మండిపోయింది.

చివరి ఆట విరామంలో వాడికి సన్మానం చేశారు. మైకు ఇచ్చి లీగ్ ముచ్చట్లు చెప్పమన్నారు. జనం చప్పట్లు కొట్టి ఆగారు. డెలాయ్ అంకె కోసం చూసినట్టే నా వైపు తిరిగాడు.

"ఏం చెప్పాల్రా?" అన్నాడు చిన్నగా.

పక్కకెళ్ళి చెవిలో చెప్పాను. మంచులో ఆడిన రోజు ఒక కొండలాంటివాణ్ణి వాళ్ళ బెంచీ దాకా తోసుకెళ్ళడం, వేలు విరిగితే పట్టీ చుట్టుకుని మళ్ళీ మైదానంలోకి దిగడం, గెలిచిన రోజు అందరూ బంతి పట్టినవాణ్ణి మోస్తుంటే వీడొక్కడే వెనక కుంటుతూ నడవడం. ఒక్కో మాటా వాడు మైకులో చెప్పాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఇదంతా చేసింది నేనేనా?"

"నువ్వే."

"నీకెలా గుర్తుందిరా ఇంతా?"

"నిన్ను చూస్తే ఒళ్ళు మంటరా నాకు. ఏడ్చుకుంటూ అన్నీ చూశాను. ఒక్క ఆట వదల్లేదు."

మైకు అక్కడే ఉంది. ఊరంతా విన్నది. రస్టీ కూడా నవ్వలేదు. డెలాయ్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"అంత మంటా? అయితే నేను బాగానే ఆడానన్నమాట!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఇంకా చెప్పరా."