అవ్వ బొమ్మకు పెట్టిన నవ్వు

కంఠేశ్వర్‌లో మా పక్కింటికి రంగులు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన సోకగానే బోధన్‌లో మా బాపు, అంటే మా నాన్న, గుర్తొచ్చాడు.

బాపు బోర్డులు రాసేవాడు. ఒకసారి చక్కెర కార్ఖానా యూనియన్ వాళ్లు తమ హాలుకు చెరుకు కొట్టే ఆడమనిషి బొమ్మ కావాలన్నారు. బాపు మా అమ్మనే కూర్చోబెట్టి గీశాడు. ఆమెను మేము అవ్వ అనేవాళ్లం. పొద్దంతా చెరుకు కొట్టి వచ్చిన ముఖం, లోపలికి పోయిన కళ్లు, చెంప మీద ఆకు కోసిన గీత, అన్నీ ఉన్నట్టే వచ్చాయి.

యూనియన్ పెద్దాయన చూసి, తెలుగులో వచ్చే రష్యా పత్రిక ఒకటి తెరిచాడు. అందులో గోధుమ పనలు మోస్తున్న ఆడవాళ్లంతా నవ్వుతున్నారు.

"మంచిగనే గీసినవ్ అన్నా. గని గాడ ఆర్టిస్టులు గిసుంటి మొఖాలు గీస్తె సర్కారు ఒప్పుకోదు. కూలోళ్లంటే నవ్వుకుంట ఉండాలె," అన్నాడు.

ఆయన వెళ్లాక, "బాపూ, రష్యాల పనిజేస్తే అలుపు రాదా?" అని అడిగాను.

"బొమ్మలల్ల రాదు బిడ్డా," అంటూ బాపు ఆ ముఖం మీద తెల్లరంగు పూశాడు.

రెండు రోజుల్లో చెంపలు నిండాయి, పళ్లు మెరిశాయి. నేను చప్పట్లు కొట్టి, "ఇప్పుడు మంచిగొచ్చినవ్ అవ్వా," అన్నాను.

అవ్వ బొమ్మ దగ్గరికి వచ్చి చూసింది. "గీ బొమ్మల నేనేడున్న బిడ్డా?" అంది మెల్లగా.

మూడేళ్లకు ఆమె పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె ముఖం ఎలా ఉండేదో ఇప్పటికీ మాటల్లో చెప్పగలను. కళ్లు మూసుకుంటే మాత్రం, నేను చప్పట్లు కొట్టిన ముఖమే కనిపిస్తుంది.