కప్పులో ఆగిపోయిన ప్రోటాన్లు

ఆ వయసులో ఒక సుఖం ఉండేది: మనకు తెలియనిది ఉందన్న సంగతి కూడా తెలిసేది కాదు. గిద్దలూరు పక్క పల్లె నుంచి ఎమ్మెస్సీ ఫిజిక్సుకు వెళ్లి, యూనివర్సిటీ యాక్సిలరేటర్ ల్యాబ్‌లో అడుగుపెట్టాక నా కాళ్లు నేల మీద నిలవలేదు. నిలవకపోవడంలో వింతేమీ లేదు. గదంత ఇనుప ట్యాంకు, లోపల లక్షల వోల్టులు. ఆ ఊపుకు ప్రోటాన్లు బీమ్ అనే సన్నటి ధారగా, గాలి తీసేసిన గొట్టంలో దూసుకొచ్చి, అయస్కాంతం దగ్గర వంపు తిరిగి, అవతలి హాల్లో గోరంత రేకును కొడతాయి. అందులోంచి వచ్చే గామా కిరణాలను డిటెక్టరు పట్టుకుంటుంది. గోడకు ఇవతల కంట్రోల్ రూములో కూర్చుని ఇదంతా నడిపేది మాలాంటి విద్యార్థులే. యంత్రాన్ని బిడ్డలా సాకే ఆపరేటరు (మాకందరికీ బీమ్ మామ) పక్కనుండి నేర్పేవాడు.

నా ప్రాజెక్టుకు యంత్రం దొరికింది ఒక్క పగలు. అది తప్పితే మళ్లీ వంతు వచ్చేలోపు పరీక్షలే అయిపోతాయి. సరిగ్గా ఆ పొద్దునే నాయన బత్తాయిల సంచితో దిగాడు. నా ప్రాజెక్టు గైడు మేడం ఆయనకు కంట్రోల్ రూములో కుర్చీ వేయించారు. బీమ్ ఎంత బాగా వస్తోందో మీటరు చూపించి మరీ నాయనకు వివరించాను. డిటెక్టరు తెర మీద మాత్రం గామా కిరణాల గీత లేవదు. ట్యాంకు దగ్గరే బీమ్ ఆపించి హాల్లోకి పరుగెత్తి, డిటెక్టరు చల్లబడాలని ద్రవ నైట్రోజన్ పోశాను, కేబుళ్లు మార్చాను. మధ్యాహ్నమైంది. ఏడుపొక్కటే తక్కువ.

అంతసేపూ మీటరునూ నా పరుగులనూ చూస్తున్న నాయన మెల్లగా అడిగాడు.

"ఏందిమ్మా, మోటారు కాడ నీళ్లు బాగా వస్తాండాయి, చేనుకాడ చుక్క లేదు. అంతేనా?"

"అట్ల కాదు నాయనా, ఇది వేరే."

"వేరేనేలే. నడుమ నీళ్లు ఆపే గేటువాలు ఏదన్నా ఉండాదా?"

ఉంది. దాన్ని కప్పు అంటారు. మనుషులు హాల్లోకి వెళ్లేముందు బీమ్‌కు అడ్డంగా దించే లోహపు గిన్నె. పొద్దున రేకు బిగించడానికి వెళ్తూ నేనే దించాను, తీయడం మరిచాను. ఆ మీటరు కొలిచేది కప్పులో పడే ప్రోటాన్లనే. అంటే నేను మురిసిపోతూ చూపించిన అంకే నా తప్పుకు సాక్ష్యం. పొద్దున యంత్రం నడిపించి వేరే పని మీద వెళ్లి, భోజనం కూడా చేసి వచ్చిన బీమ్ మామ నా ముఖం చూసి, కప్పు ఎత్తే బటన్ వైపు కళ్లతో చూపించాడు. నొక్కాను. తెర మీద గీత నిటారుగా లేచింది. నాయన కూడా లేచి నిలబడ్డాడు.

"కంటికి కనపడనిదాన్ని ఇట్ల పట్టినారా మీరు" అన్నాడు.

ఆ తర్వాత నేను లెక్కల్లో మునిగితే, బీమ్ మామ ఆయన్ను ట్యాంకు చుట్టూ తిప్పి చూపించాడు. పంపుల గురించి ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారట.

ఇప్పుడు మార్కాపురంలో ఫిజిక్సు పాఠాలు చెబుతున్నాను. మొన్న పాత ప్రాజెక్టు పుస్తకం తెరిస్తే, కృతజ్ఞతల పేజీలో మేడం ఉన్నారు, బీమ్ మామ ఉన్నాడు, నైట్రోజన్ తెచ్చిన డ్రైవరూ ఉన్నాడు. నాయన లేడు. ఆయన్ను రాస్తే కప్పు సంగతీ రాయాల్సి వచ్చేది మరి. పరువును అంత భద్రంగా దాచుకున్న ఆ పిల్లను తలుచుకుని నవ్వుకున్నాను. పెన్ను తీసి, పేజీ అడుగున మిగిలిన జాగాలో నాయన పేరు రాశాను.