మా బావ మాటలు ఎక్కడికి పోయాయంటే

మా బావకు నేను పెట్టిన పేరు మౌనస్వామి. మనిషి మంచివాడే, కాదనను. కానీ నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటాడు. కూర ఎలా ఉందని అడిగితే తల ఊపుతాడు. ఆ ఊపు బాగుందనో బాగాలేదనో తేల్చుకోవడం వడ్డించినవాళ్ళ పని. నేను వాళ్ళింటికి వెళ్తే "ఎప్పుడొచ్చావ్?" అంటాడు, బయల్దేరేటప్పుడు "వెళ్తున్నావా?" అంటాడు. ఆ రెండింటికీ మధ్య బెల్లం కొట్టిన రాయే.

ఆయన పెద్దాసుపత్రిలో శవాల బండి డ్రైవరు. చనిపోయినవాళ్ళను వాళ్ళ ఊళ్ళకు చేర్చడం ఆయన పని. చావుకు ఆదివారాలు లేవు కాబట్టి ఆయనకూ లేవు. మా అక్కేమో బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చునేది. ఏ బస్సు ఎప్పుడు, ఎక్కడ ఆగుతుంది అంటూ పొద్దుగూకేదాకా ఊరంతా ఆమెతో మాట్లాడేది. ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు. పిల్లలు లేని ఇల్లు, మనిషి గొంతు వినాలంటే రేడియో పెట్టుకోవాల్సిందే. "తిట్టినా సరేనే, ఈ మనిషి నాతో నాలుగు మాటలు మాట్లాడితే చాలు" అనేది నాతో. ఆమె స్థానంలో నేనుంటే ఎప్పుడో మూటాముల్లె సర్దుకునేదాన్ని. అక్క సర్దుకోలేదు, సర్దుకుపోయింది.

ఇద్దరూ రిటైరయ్యాక ఒకరోజు బావ పసుపురంగు వ్యాను ఒకటి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. రొట్టెల ఫ్యాక్టరీవాళ్ళు అమ్మేశారని చెప్పాడు. రెండు పక్కలా కిటికీలు కోయించాడు. లోపల మంచం, స్టవ్వు, కుదుపులకు గిన్నెలు జారిపడకుండా అంచులున్న అల్మారా, అన్నీ తన చేత్తో బిగించాడు. "సముద్రం పక్కనే ఒక్కో ఊరూ చూసుకుంటూ వెళ్దాం. ఇదే మన కారవాన్" అన్నాడు. బావ నోట రెండు వాక్యాలు వరసగా విని అక్క ఇంకేమీ అడగకుండా ఒప్పేసుకుంది.

బయల్దేరాక రోజూ నాకు ఫోను. కొబ్బరితోటల్లో ఎక్కడ ఆగారో, ఏ ఊళ్ళో పడవలకు ఏ రంగు వేస్తారో, ఉప్పుగాలికి స్టవ్వు ఎలా తుప్పుపట్టిందో, ఉక్కకు దిండు ఎలా తడిసిపోతోందో, అన్నీ చెప్పేది. ఒకరోజు మాత్రం గొంతు వేరుగా ఉంది.

"మీ బావ మాట్లాడుతున్నారే."

"ఎవరితో?"

"నాతోనేనే. నడుం పట్టేస్తే వెనకాల మంచం మీద పడుకున్నా. ఆయన బండి నడుపుతూ నడుపుతూ, ఆ సీటు వెనక చిన్న కిటికీ ఉంది చూడు, అందులోంచి మొదలుపెట్టారు. వాళ్ళ నాన్నంటే ఎంత భయమో, నన్ను మొదటిసారి కలిసిన రోజు కంగారులో చొక్కా తిరగేసి ఎలా తొడుక్కున్నారో... గలగలా చెప్పుకుపోతున్నారే."

ముందుకొచ్చి పక్క సీట్లో కూర్చుంటే మాత్రం మళ్ళీ మౌనస్వామే. అందుకని నడుం నొప్పి తగ్గిపోయినా సరే, బండి కదలగానే అక్క మంచమెక్కి పడుకునేది. సముద్రం చూడటానికి వెళ్ళి పడుకోవడమేమిటని కోప్పడ్డాను. "సముద్రం ఎక్కడికీ పోదులేవే" అంది. అంత సంతోషంగా ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు.

తర్వాత ఒక ఊళ్ళో చేపలరేవు దగ్గర బండి ఆపి బావ రొట్టె కొనడానికి వెళ్ళాడు. అక్క లోపల గిన్నెలు తుడుస్తోంది. సముద్రపు గాలి ఒక్క విసురు విసిరేసరికి వెనక తలుపు ధడాలున మూసుకుంది. ఎంత తడిమినా లోపలివైపు గడియా లేదు, పిడీ లేదు. బండి ఆగినప్పుడల్లా బావే వచ్చి తలుపు తీసేవాడు, ఉక్కపోతకు రాత్రిళ్ళు దాన్ని వారగా తాడుతో కట్టి పడుకునేవాళ్ళు, అందుకే ఆ సంగతి అప్పటిదాకా తెలియలేదు. బావ వచ్చి తీసేసరికి అక్క చెమటతో ముద్దయిపోయింది.

"లోపల గడియ లేని బండి ఎక్కడైనా ఉంటుందాండీ?"

"ఇందులో వెళ్ళినవాళ్ళెవరూ లోపల్నుంచి తియ్యలేదు" అన్నాడు బావ.

రొట్టెల బండికి లోపల గడియెందుకు? ఆ ముక్క అనుంటే బతికిపోయేవాడు. అమావాస్యకో పున్నానికో ఒకసారి నోరు విప్పే మనిషి, విప్పి విప్పి చెప్పకూడనిదే చెప్పాడు. అక్క మంచం వంక చూసింది, సీటు వెనక చిన్న కిటికీ వంక చూసింది. అంతా అర్థమైపోయింది. ఆసుపత్రివాళ్ళు తుక్కు కింద అమ్ముతుంటే ప్రాణం ఒప్పక, ఇన్నేళ్ళూ తను నడిపిన శవాల బండినే కొని పసుపురంగు పూయించాడు మహానుభావుడు.

అక్క భయపడి ఉంటుందనుకున్నాను నేను. భయం కాదు.

"వాళ్ళతోనూ ఇలాగే మాట్లాడేవారా?" అని అడిగింది.

బావ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "దారంతా ఒక్కణ్ణే కదా. వెనకాల ఒక మనిషి ఉన్నారు కదా అని... ఏదో చెప్పుకుంటూ వెళ్ళేవాణ్ణి."

"నేనింట్లో గోడలతో చెప్పుకుంటుంటే, మీ మాటలన్నీ తీసుకెళ్ళి పోయినవాళ్ళకి పోశారా? ఈ నాలుగు రోజులూ చెప్పింది కూడా నాకు కాదన్నమాట. వెనకాల ఎవరో పడుకుని ఉన్నారని చెప్పారు, అంతే."

సంచిలో రెండు చీరలు కుక్కుకుని బస్టాండుకు నడిచింది. ఏ ఊరి బస్టాండైనా మా అక్కకు పుట్టిల్లే. బావ బండెక్కి ఆమె వెనకే వచ్చాడు. శవం వెంట మనుషులు నడిచే వేగంతో బండి పోనివ్వడం ఆయనకు కొట్టిన పిండి. వెనక లారీలు ఎంత హారన్ కొట్టినా పట్టించుకోలేదట.

ఇదంతా అక్క బస్టాండు బెంచీ మీద కూర్చుని నాకు ఫోనులో చెప్పింది. "వచ్చెయ్యవే, నా దగ్గరే ఉందువుగాని" అన్నాను ఉక్రోషంతో. అంతలో బావ వచ్చినట్టున్నాడు, అక్క ఫోను ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళ మాటలు నాకు సన్నగా వినిపిస్తున్నాయి.

"ఎదురుగా మనిషుంటే నాకు మాట రాదు" అన్నాడు బావ.

"చచ్చిపోయినవాళ్ళయితే వస్తుందా?"

ఎక్కడో బస్సు ఇంజను మొదలైంది. "వాళ్ళకి ఏం చెప్పినా లేచి వెళ్ళిపోరు కదా" అన్నాడు చివరికి. "నేను ఉత్త పిరికివాణ్ణి. నీకు చెప్తే, ఇంతేనా ఈ మనిషి అని నువ్వు వెళ్ళిపోతావేమోనని."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా తిట్టుకున్న మనిషి మీద ఒక్కసారిగా అంత జాలి వేస్తుందని నేననుకోలేదు.

"అమ్మా, ఎక్కుతారా? బయల్దేరుతున్నాం" అంటున్నాడు కండక్టరు.

"మీరు వెళ్ళండి బాబూ" అంది అక్క. "మా ఆయన ఏదో చెప్తున్నారు."

బస్సు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. "ఇటు తిరగండి. నా మొహం చూసి చెప్పండి" అంది. బావ గొంతు సవరించుకున్నాడు. నేను ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకున్నాను. ఆ లైన్లో నేనింకా ఉన్నానని అక్కకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది, ఫోను పెట్టేసింది.