కమేలియాకు కట్టిన ఉయ్యాల

అరచేతిలో కర్పూరం వెలిగించి చెప్పమన్నా చెబుతాను: ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పించింది కాదు. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాటకే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. నవ్వుకోండి. అయ్యాక చదవండి.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయినా మా గని ఊరు కోరమండల్‌లో అందరూ ‘కంపెనీ ఇల్లు’ అనే అనేవాళ్ళు. నేను ఇక్కడే పుట్టి గని ఆఫీసులో గుమాస్తానయ్యాను. కంపెనీ నాకిచ్చిన ఇంటికి ముందు వరండా, వెనక తడిక కట్టిన చిన్న దొడ్డి. ఆ దొడ్డి మా అమ్మ రాజ్యం. ఆమె పుట్టింది కామసముద్రంలో, నడక నేర్చింది టమాటా సాళ్ళ మధ్య. ఆమె పెంచిన కాయలు ఎంత లావంటే, తడిక పక్కన కునుకు తీస్తున్న ఎదురింటి పుంజు మీద ఒకసారి ఒకటి రాలింది. ఆ పుంజు తర్వాత వారం రోజులు సాయంత్రం పూట కూసింది.

మా ఆవిడది కూనూరు. కాపురానికి వచ్చినప్పుడు ఒక చేతిలో ట్రంకుపెట్టె, ఇంకో చేతిలో నూనె డబ్బా. డబ్బాలో మొక్క. అది కమేలియా. వాళ్ళ నాయన టీ తోటలో లెక్కలు రాసేవాడు. కమేలియా టీ చెట్టుకు దాయాదట, చలికాలమంతా వాళ్ళ గుమ్మం ముందు పూస్తుందట, పువ్వు ఇస్త్రీ చేసి మడతలు పెట్టిన గులాబీలా ఉంటుందట.

“వాసనెట్ల ఉంటాది?” అని అడిగింది అమ్మ.

“వాసన ఉండదత్తమ్మా.”

“కాయ?”

“తినే కాయ కాదు.”

అమ్మ మొక్కను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. “ఇంగ దీనికి పనేమమ్మా, కూర్చోని తినేదేనా?”

టమాటాకు ఎండ ఎంత ఉన్నా చాలదు. కమేలియాకు పొద్దుటి ఎండ సూటిగా తగిలితే మొగ్గ మాడుతుంది. అందుకని దాని కాపురం వరండా ఉత్తరపు మూలలో. టమాటాకు పక్క చిగుళ్ళు గిల్లాలి, కర్ర పాతి కట్టాలి, రోజూ దాంతో ఏదో ఒక చేష్ట చేస్తూనే ఉండాలి. కమేలియాను ముట్టుకోకూడదు, మొగ్గ వేశాక చోటు మార్చకూడదు, నీళ్ళు ఎక్కువైనా తక్కువైనా అలుగుతుంది. అదీ మా కొళాయి నీళ్ళు పనికిరావు, వాన నీళ్ళు పట్టి పెట్టాలి. గాలి కాలంలో గని దిబ్బల మీంచి తెల్లటి దుమ్ము లేచి వచ్చేది. టమాటా దాన్ని పట్టించుకునేది కాదు. కమేలియా ఆకుల్ని మా ఆవిడ తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచేది. పసితనంలో నా మొహం కూడా ఎవరూ అంత శ్రద్ధగా తుడిచి ఉండరు.

మొదటి చలికాలం మొగ్గలు వచ్చాయి, రాలాయి. పూయలేదు. రెండో చలికాలం ముందు మా ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని, “దీనికి ఈ మన్ను పడలేదండీ,” అంది. మళ్ళీ తనే, “నాకు పడినట్టుందా?” అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపే, “ఈసారి పూయకపోతే మా నాయన వచ్చి తీసుకుపోతానన్నాడు,” అంది.

“మొక్కనా?” అన్నాను.

ఆమె లేచి తడిగుడ్డ తీసుకుని డబ్బా దగ్గరికి పోయింది. ఆ రోజు నుంచి ఆ డబ్బావైపు నేను కూడా భక్తిగా చూడటం మొదలుపెట్టాను.

ఇంతలో ఆకులు పసుపు తిరిగాయి. ఎందుకో ఒక పొద్దున తెలిసింది. నీళ్ళు కాచే పొయ్యిలోంచి బూడిద చేటలో ఎత్తుకొచ్చి అమ్మ డబ్బాలో చల్లుతోంది.

“అత్తమ్మా! బూడిద దానికి విషం!”

“విషమా? నా టమేటాలు ఇదే తిని ఎట్లుండాయో చూడు! పాపం, బిడ్డ బక్కగా ఉండాదని నెల దినాలుగా పెడతా ఉండాను.”

“దీనికి పుల్లటి మన్ను కావాలత్తమ్మా. బూడిద పులుపును చంపేస్తుంది.”

అమ్మ చేట కింద పెట్టింది. “పులుపా? ముందే చెప్పకూడదా! మనింట్లో దేనికన్నా కరువుంటాది గాని, పులుపుకా?” అని వంటింట్లోకి పోయి చారుగిన్నెతో వచ్చింది. ఉప్పు, మిరియాలు తగిలితే మొక్క చస్తుందని మా ఆవిడ చేయి పట్టుకుని ఆపింది. ఇద్దరూ చాలాసేపు బేరమాడుకున్నారు. చివరికి పైమన్ను తీసేసి కొత్త మన్ను వేయడం, ఉప్పు తగలకుండా పిసికిన చింతపండు నీళ్ళు బాగా పలచన చేసి వారానికొకసారి పోయడం అని ఒప్పందం కుదిరింది. చింతపండు పని చేసిందో, మా ఆవిడ కొత్తగా వేసిన మన్ను పని చేసిందో, ఆకులు మళ్ళీ నల్లటి పచ్చకు తిరిగాయి. మూడు మొగ్గలు లావయ్యాయి.

అప్పుడు ఏర్ బ్లాస్ట్ కొట్టింది. గని లోతుల్లో ఎక్కడో ఒత్తిడికి రాయి పగిలితే పైన ఇళ్ళన్నీ అదిరేవి. దాన్ని మేం అలా పిలిచేవాళ్ళం. ఆ పొద్దున ఎంత గట్టిగా కొట్టిందంటే, మా గోడ మీది దేవుడు పటంతో సహా గోడవైపు తిరిగిపోయాడు. వీధివీధంతా బయట నిలబడింది. కింద అందరూ క్షేమమేనని కబురు వచ్చాకే ఎవరి పనులు వాళ్ళకు గుర్తొచ్చాయి.

అమ్మ నేరుగా దొడ్లోకి పోయింది. టమాటా పూత కదిలితేనే కాయ కడుతుందని రోజూ పొద్దెక్కాక ఒక్కో పూగుత్తిని వేలితో మీటేది. ఈ రోజు ఆ పని భూమే చేసిపెట్టింది. “మీటే పని లేదురా! ఈసారి కాపు చూడు!” అని నవ్వుతూ వరండాలోకి వచ్చి ఆగిపోయింది. మా ఆవిడ డబ్బా పక్కన కూర్చుని ఉంది. అరచేతిలో రాలిన రెండు మొగ్గలు. కొమ్మకు మిగిలింది ఒకటి.

అమ్మ లోపలికి పోయి అటక మీంచి నా పసితనపు ఉయ్యాల, దాని గొలుసులు దించింది. వరండా దూలానికి కొక్కేలు ఎప్పటినుంచో ఉన్నాయి. డబ్బా చుట్టూ పాత చీర మడతలు చుట్టి, నన్ను ఎత్తమంది.

“ఏం చేస్తా ఉండావమ్మా?” అన్నాను.

“భూమి అదిరితే మంచం అదురుతాది, మంచం మీద పండుకున్నోళ్ళు అదురుతారు. తొట్లిలో బిడ్డ అదిరేది యాడన్నా చూసినావా? నువ్వు ఇందులో పండుకోని ఎన్ని బ్లాస్టులకి కండ్లు తెరవలేదో నాకు తెలుసు. ఎత్తరా.”

“మొగ్గమీద ఉన్నప్పుడు జరపకూడదత్తమ్మా,” అంది మా ఆవిడ.

“జరిపేది యాడమ్మా? పైకెత్తేదే కదా!”

మా ఆవిడ నవ్వింది. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా నవ్వడం నేను విన్నది అదే మొదటిసారి.

సాయంత్రానికి ఎదురింటి అక్క గుమ్మంలో ఉంది. “ఏమప్పా, కడుపనే మాటే చెవిన పడలేదు, తొట్లి కట్టేసినారే!”

“ఆడబిడ్డక్కా. రంగు మాత్రం కొంచెం పచ్చన,” అన్నాను.

ఆమె తొంగి చూసింది. నా వీపు మీద ఒకటి చరిచి ఇంటికి పోయి, కాటుక తెచ్చి డబ్బాకు దిష్టిచుక్క పెట్టింది. “మొక్కయితేనేమి, వీధిలో అందరి కండ్లూ దీనిమీదనే ఉండాయి,” అంది.

వారం గడవకముందే మళ్ళీ అదిరింది. మా ఆవిడ లేచి పరిగెత్తబోతే అమ్మ చేయి పట్టుకుంది. గిన్నెలు దొర్లాయి, పెంకులు గలగలలాడాయి. గోడవైపు తిరిగిన దేవుడు మళ్ళీ మావైపు తిరిగాడు. ఉయ్యాల మాత్రం నిద్రలో బిడ్డ కదిలినట్టు మెల్లగా అటూ ఇటూ ఊగింది. మొగ్గ నిలిచింది.

ఇంకొన్ని రోజులకు విచ్చుకుంది. పెద్ద పువ్వేమీ కాదు, కాఫీ గ్లాసు మూతి అంత. కానీ మడతలు నిజంగా ఇస్త్రీ చేసినట్టే ఉన్నాయి. అమ్మ వంగి వాసన చూసింది, ఎందుకైనా మంచిదని.

మా మామగారు చెప్పినట్టే వచ్చాడు, చంకలో గోనెసంచి, తాడు. మా ఆవిడ వాటిని ఆయన చేతిలోంచి తీసుకుని, “ఊరికే మోసుకొచ్చినావు నాయనా,” అంది. ఆ గోనెసంచి నిండా టమాటాలు పోసి ఆయన్ను కూనూరుకు పంపించింది అమ్మ.

సరే, కల్పించింది ఏదో చెప్పేస్తాను. రెండోసారి భూమి అదరలేదు. ఆ ఉయ్యాల కట్టి ఉన్నన్నాళ్ళూ గని కిమ్మనలేదు. డబ్బా నేల మీదే ఉన్నా ఆ మొగ్గ పూసేదేమో. కథకు ఒక కుదుపు కావాలని నేనే కొట్టించాను. అది తీసేయమంటుంది మా ఆవిడ. తాను నాయనతో వెళ్ళకుండా ఆగింది ఉయ్యాల ఊగిందని కాదట, కట్టారనట.

అమ్మకు మాత్రం ఈ లెక్క ఒప్పుదల కాలేదు. “అదరలేదంటావేమిరా? తొట్లి కట్టినాను కాబట్టే అదరలేదు!”